అయిదడుగుల గుమ్మం

మేస్త్రీ రెండో టీ కూడా తాగేశాడు. సిమెంటు ఇంకా నీళ్లు పోయకుండా కుప్పగానే ఉంది. మామయ్య మాత్రం పునాది అంచున కూచుని, అప్పటికే పదునుగా ఉన్న ఉలికి మళ్లీ పదును పెడుతున్నారు.

నిన్న సాయంత్రం నుంచీ ఆయన నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఇద్దరిలో ఎవరికి మొండితనం ఎక్కువో తేల్చుకునే పని పెట్టుకున్నట్టుంది మా వ్యవహారం.

గొడవంతా ఒక ద్వారబంధం గురించి. కాలనీలో సగం ఇళ్లకు తలుపులు చేసిన వడ్రంగి మా మామయ్య, అంటే మా ఆయన తండ్రి. ఎనిమిది రోజులు కూచుని మా సొంత ఇంటి వీధిగుమ్మానికి ద్వారబంధం చేశారు. కర్ర మంచిది, పని అంతకంటే మంచిది, ఎక్కడా వెంట్రుక దూరే సందు లేదు. ఎత్తు మాత్రం అయిదడుగుల ఒక్క అంగుళం. నా ఎత్తు అయిదడుగుల తొమ్మిది.

నేను బళ్లో డ్రిల్లు టీచర్ని. నిటారుగా నిలబడండి, భుజాలు వెనక్కి, గడ్డం పైకి అని రోజూ పిల్లల మీద గొంతు చించుకోవడమే నా ఉద్యోగం. అలాంటిదాన్ని సొంత ఇంట్లోకి నడుం మడిచి దూరాలంటే ఒళ్లు మండదూ మరి.

పొరపాటు ఎలా జరిగిందో నాకు తెలుసు. షెడ్డులో ఎవరి తలుపు చేసినా మామయ్య టేపుతోనే కొలుస్తారు. అంగుళంలో పావు వంతు తేడా రాదు. కానీ ఇది తన ఇల్లు. తన ఇల్లు అనుకోగానే చెయ్యి టేపు మీదికి పోలేదు, గోడకు వేలాడే పాత కొలకర్ర మీదికి పోయింది. వాళ్ల నాన్న చేసిన కర్ర అది. గుమ్మానికి ఒక గాటు, కిటికీకి ఒక గాటు, మంచం కోడుకు ఒక గాటు. ఆ గాట్లన్నీ పాత ఊరివి.

నిన్న ఆ ద్వారబంధం పక్కన నేను నిలబడేసరికి దాని పైపట్టీ నా గడ్డం దగ్గరకు వచ్చింది. అది నేనూ ఆయనా ఒకేసారి చూశాం. ఆయన మొహంలో రంగు మారడమూ చూశాను. పొరపాటైందమ్మా అని ఒక్క మాట అని ఉంటే నేనే సర్దిచెప్పేదాన్ని. ఆయన గొంతు సవరించుకుని, మా గుమ్మాలు ఇంతే ఉంటాయి అన్నారు.

"ఇది మీ పాత ఇల్లు కాదు మామయ్యా" అన్నాను.

అనకూడని మాటే. అన్నాక తెలిసింది.

పాత ఊరి గురించి రెండు ముక్కలు చెప్పాలి. పన్నెండేళ్ల కిందట ఒక వానాకాలం ఏరు దారి మార్చుకుని, మూడు రోజుల్లో ఆ ఊరి మీదుగా పారడం మొదలుపెట్టింది. నలభై రెండు గడపలు. మనిషి పోలేదు, మేక పోలేదు, ఊరు పోయింది. అందరినీ తెచ్చి ఈ మెరక మీద వరస ఇళ్లలో పెట్టారు. మామూలుగా అందరూ చీటికీ మాటికీ కొంప మునిగింది అంటూ ఉంటారు కదా, మా కాలనీలో ఆ మాట ఎవరూ వాడరు. పాలు పొంగితే పాలు పొంగాయనే అంటారు.

నేను ఈ ఇంటికి వచ్చి నాలుగేళ్లు. ఆ ఊరిని ఒక్కసారి కూడా చూడలేదు. అయినా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాళ్ల మధ్య ఉన్నాను కాబట్టి కళ్లకు గంతలు కట్టి వదిలినా అందులో తిరగగలను. ఉప్పు ఎక్కడుందని అడిగితే ఏటి వైపు అరలో అంటుంది అత్తయ్య. ఏరు ఇక్కడికి పదిహేను మైళ్లు. గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు "తల, తల" అంటారు, ఆ తర్వాతే బాగున్నారా అంటారు. ఏటి గాలికి ఎగిరిపోకుండా ఆ ఊళ్లో కప్పులు బాగా కిందికి దించి కట్టేవాళ్లట. గుమ్మాలూ అంతే పొట్టివి. చూసుకోకుండా వస్తే నుదురు బొప్పి కట్టేది. ఇప్పుడున్న ఇళ్ల గుమ్మాలు ఏడడుగులు. అయినా వీళ్లు తల అంటారు, వచ్చినవాళ్లు వంగుతారు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత విసుగొచ్చింది. మొన్న బ్యాంకు గుమ్మంలో నేనే వంగాను. అప్పటినుంచి భయం పట్టుకుంది.

అందుకే ఈ ఇల్లు నాకు అంత ముఖ్యం. వరస ఇల్లు వదిలి మా చేత్తో మేం కట్టుకుంటున్న మొదటి ఇల్లు ఇది. నా పిల్లలు పుట్టాల్సిన ఇల్లు. ఇందులోకైనా తలెత్తుకుని వెళ్లాలని నా పట్టుదల.

మా ఆయన సంగతి చెప్పనే అక్కర్లేదు. కరెంటు స్తంభాలు ఎక్కి దిగే మనిషి, ఇంట్లో మాత్రం గోడ దిగడు. గోడ మీద పిల్లి వాటం. నా దగ్గరకొచ్చి నిజమే, నీకు ఇబ్బందే అన్నాడు. అక్కడికి వెళ్లి నిజమే నాన్నా, మన గుమ్మం ఇట్లాగే ఉండేది అన్నాడు. రెండుచోట్లా మనస్ఫూర్తిగానే అన్నాడు, అదే అతనితో వచ్చిన చిక్కు.

మేస్త్రీ ఈ ఊరివాడు కాదు, వీళ్ల కథలు అతనికి పట్టవు. మధ్యాహ్నం ఇంకోచోట పని ఒప్పుకున్నాననీ, ఇప్పుడు నిలబెడితే సరేననీ, లేకపోతే నెలదాకా ఇటు రాలేననీ చెప్పి లేచి నిలబడ్డాడు. మామయ్య ఉలి కింద పెట్టి, నిలబెట్టు అన్నారు. మేస్త్రీ నా వైపు చూశాడు. ఇంట్లో అసలు మాట ఎవరిదో అతనికింకా అంతుపట్టలేదు.

సిమెంటు పెట్టొద్దు, ఊరికే నాలుగు కర్రలు ఊతం పెట్టి నిలబెట్టండి, నేను అందులోంచి ఎట్లా వెళ్లాలో మామయ్యగారు ఒకసారి కళ్లారా చూస్తే చాలు అని మేస్త్రీకే చెప్పాను. మామయ్య విననట్టే విన్నారు.

గోడలు ఇంకా లేవలేదు. నడుమెత్తు కూడా లేని పునాది మీద ఆ ద్వారబంధం ఒక్కటే నిలబడింది. ఇటు చూసినా ఖాళీ, అటు చూసినా ఖాళీ. నేను చీర కుచ్చిళ్లు పట్టుకుని, నడుం మడిచి, కావాలనే మూలుగుతూ అందులోంచి వెళ్లాను. మా ఆయన నవ్వు ఆపుకోవడానికి రసమట్టం పెట్టి ద్వారబంధం సరిచూడ్డం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద పోస్టుమాన్ బాబాయి పోతున్నాడు. ఉద్యోగం మానేసి ఆరేళ్లయినా సైకిలు మానలేదు. ద్వారబంధాన్ని చూసి బ్రేకు వేశాడు. సైకిలు స్టాండు వేసి దిగాడు. చుట్టూ గోడల్లేవు, ఎటునుంచైనా రావచ్చు. అయినా అతను ఎదురుగా గుమ్మం దగ్గరికే వచ్చి, కాలు లోపల పెట్టకుండా, తల మాత్రం లోపలికి దూర్చి, "వడ్రంగోరూ, ఇవాళ మీకేం లేవు" అన్నాడు.

మామయ్య గుమ్మం వైపు తిరిగారు.

ఉత్తరం ఉన్న ఇంటికి ఏ పోస్టుమానైనా వెళ్తాడు. పాత ఊళ్లో ఉత్తరం లేని ఇంటికి కూడా వెళ్లి ఇవాళ లేవని చెప్పి వచ్చే పోస్టుమాన్ ఇతనొక్కడేనట. లేకపోతే జనం సాయంత్రందాకా వాకిట్లో కూచునేవాళ్లట. నలభై రెండు ఇళ్లలోకీ తల దూర్చి తీసేవాణ్ణి, నా మెడ ఇట్లా ముందుకు సాగిందంటే అందుకే అని బాబాయి మెడ చూపించాడు. నిజంగానే సాగి ఉంది.

అంతే, కబురు ఎలా పాకిందో తెలీదు. పావుగంటలో కాలనీ సగం మా పునాది చుట్టూ చేరింది.

పాలపిన్ని వచ్చింది. పాత ఊళ్లో పాలక్యాను చంకన పెట్టుకుంటే ఆవిడ గుమ్మంలోంచి నేరుగా పట్టేది కాదట. అందుకని వెనక్కి తిరిగి, వీపుతో వచ్చేది. ఇప్పుడు క్యాను లేదు. అయినా వెనక్కి తిరిగి, నడుం వంచి, వీపుతోనే లోపలికి వచ్చింది. ఎవరి ఇంట్లోనైనా ముందు నా వెనకభాగమే చూసేవాళ్లు, మొహం తర్వాత అని ఆవిడే చెప్పింది. అందరూ విరగబడి నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ మేస్త్రీని పక్కకు జరగమంది. పాత ఊరి లెక్కన అతను నిలబడ్డది ఆవిడ గేదెల కొట్టంలోనట.

మేస్త్రీ రెండడుగులు అటు వేశాడు. అక్కడ పడవ తాత కర్ర ఎత్తి ఆపాడు. ఇంకొక అడుగు వేస్తే ఏట్లో ఉంటావు నాయనా, నీకు ఈత వచ్చా అని అడిగాడు. పాపం మేస్త్రీ నిజంగానే కిందికి చూసుకున్నాడు.

ఆ తర్వాత వాళ్లని పట్టుకోవడం ఎవరి తరం కాలేదు. ఇదిగో ఇక్కడ పిండిమర అని ఒకరు, కాదు, మర నుంచి మీ ఇంటికి ఇరవై అంగలు, ఇక్కడ నీళ్ల సందు అని ఇంకొకరు. ఆ సందులో ఇద్దరు ఎదురైతే పట్టరు. నీళ్లబిందెతో వచ్చేవాళ్లదే దారి, ఖాళీ బిందె ఎవరిదైనా వెనక్కి నడవాల్సిందే. ఊరిపెద్ద కూడా ఒకసారి ఖాళీ బిందెతో సందు పొడుగునా వెనక్కి నడిచాడట, ఎదురుగా బిందెతో వచ్చింది ఏడేళ్ల పిల్ల. ఆ పిల్లే నేను అంది పాలపిన్ని, ఇప్పటికీ ఆ గర్వం దిగలేదు. మంచు పట్టిన పొద్దుల్లో పడవ కనపడదు కాబట్టి తాత అవతలి గట్టు నుంచి దగ్గుతూ వచ్చేవాడట, ఆ దగ్గు ఎంత దగ్గరకొచ్చిందో చూసుకుని జనం గిన్నెలు సర్దుకుని బయల్దేరేవాళ్లట. తాతను దగ్గమన్నారు. తాత దగ్గాడు. ముగ్గురు ముసలివాళ్లు చటుక్కున లేచి నిలబడ్డారు. ఎందుకు లేచారో వాళ్లకే తెలియలేదు.

ఆ నవ్వులో ఎవరి కళ్లూ తడవకుండా లేవు. కానీ అది ఏడుపు కాదు. నాలుగేళ్లుగా నేను విసుక్కున్న ఊరు మొదటిసారి నా ఎదురుగా కదిలింది. నాకు బాగుంది. నాకే ఆశ్చర్యమేసేంత బాగుంది.

మా ఆయన వంతు వచ్చింది. పిల్లలు ఆ గుమ్మాల కింద నిటారుగానే పరుగెత్తేవాళ్లు. ఎప్పుడో ఒకరోజు పైపట్టీ నుదుటికి ఠప్పున తగిలేది. తగిలిన రోజు తల్లి చిటికెడు పంచదార నోట్లో వేసేది, ఇక పెద్దవాళ్లతో సమానంగా పనిలోకి వెళ్లొచ్చన్నమాట. మా ఆయన పన్నెండో ఏట ఇక ఆగలేక మునివేళ్ల మీద నిలబడి తనే వెళ్లి గుద్దుకున్నాడట. బొప్పి నిజమైనదే, ఎత్తు దొంగది. పంచదార తిని, మర్నాడు నాన్నతో పనికి వెళ్లి, రంపం లాగలేక మధ్యాహ్నానికే తిరిగొచ్చాడట. ఇదంతా నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఎవరో చెప్తుంటే చెవులు ఎర్రబడి నిలబడ్డాడు. పెళ్లైన నాలుగేళ్లకు మొగుడు మళ్లీ నచ్చడం చిన్న విషయమేం కాదు.

మామయ్య ఎప్పుడు లేచారో గమనించలేదు. పునాది లోపల, ద్వారబంధానికి నాలుగు అంగల దూరంలో ఒక దుంగ వేసుకుని కూచున్నారు. పాత ఇంట్లో ఆయన పనిబల్ల సరిగ్గా అక్కడే ఉండేదట. అంత పొట్టి గుమ్మంలోంచి వచ్చేవాళ్ల మొహం ముందు కనపడదు, కాళ్లే కనపడతాయి. ముప్పై ఏళ్లు ఆయన ఊరిని పాదాలతోనే గుర్తుపట్టారు.

రండి చూద్దాం అన్నారు. తలొంచుకుని నేల వైపే చూస్తూ కూచున్నారు.

ఒక్కొక్కరే వచ్చారు. చెప్పులు విప్పి గుంభనంగా వచ్చినవాళ్లనీ, కుంటినట్టు నటించినవాళ్లనీ, పోస్టుమాన్ బాబాయి బూట్లు వేసుకొచ్చిన పాలపిన్నినీ ఎవరినీ వదలకుండా గుర్తుపట్టేశారు. ప్రతిదానికీ పెద్ద కేక. గంట కిందట ముటముటలాడుతూ కూచున్న మనిషేనా ఈయన అనిపించింది. చిన్నపిల్లాడిలా తొడ కొట్టుకుంటున్నారు.

నాకేం బుద్ధి పుట్టిందో, వరసలో నేనూ నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి సద్దుమణిగింది. మా సంగతి అందరికీ తెలుసు మరి. నేను వంగాను. ఆయన నా తెల్ల క్యాన్వాస్ బూట్ల వైపు చాలాసేపు చూశారు.

"ఈ కాళ్లు మా ఊళ్లోకి కొత్తగా వచ్చాయి" అన్నారు. "తల చూసుకో అమ్మా."

నిన్నటినుంచి ఆయన నాతో అన్న మొదటి మాట అది. లోపలికి వచ్చి నిలబడి, అందరూ వినేలా, నిలబెట్టించండి మామయ్యా, నేను వంగి వస్తాను అనేశాను. ఎంత తేలిగ్గా అన్నానంటే, నా నడుం ఎవరి దగ్గరో అద్దెకు తెచ్చుకున్నట్టు.

చప్పట్లు కొట్టారు. మా ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. మేస్త్రీ దేవుడా అనుకుంటూ సిమెంటులో నీళ్లు పోసి కలపడం మొదలుపెట్టాడు.

మామయ్య ఇంకా నేల వైపే చూస్తూ, అందరూ వచ్చారు, నువ్వొక్కదానివే రాలేదేం అన్నారు. పొద్దుటినుంచి టీలు కాచి పోస్తున్న అత్తయ్య చెయ్యి తుడుచుకుని, నాకెందుకండీ ఈ ఆటలు అంటూనే వచ్చింది. నడుం వంచి, తల దించి, గబగబా గుమ్మం దాటింది. ఆయన, ఈ కాళ్లు చెప్పాలా అని నవ్వారు. అందరూ నవ్వారు.

నేను నవ్వలేదు. పిల్లలను ఎత్తు వారీగా వరసలో నిలబెట్టే కళ్లు నావి. ఏదో తేడాగా అనిపించింది.

అత్తయ్యను మళ్లీ ఒకసారి వెళ్లమన్నాను. ఈసారి వంగకుండా.

తల తగులుతుంది అంది. తగలదన్నాను. ఆవిడ నన్ను నమ్మలేదు. అరచెయ్యి నెత్తి మీద అడ్డం పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, నిటారుగా నడిచింది. చెయ్యి కూడా తగలకుండా గుమ్మం దాటిపోయింది. పైన ఇంకా రెండు వేళ్ల సందు ఉంది. అత్తయ్య ఎత్తు నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. ఊరు ఊరంతా వంగుతుంటే, వంగక్కర్లేని మనిషి ఒకరు అందులో ఉన్నారని ఎవరూ చూసుకోలేదు.

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. పాలపిన్ని నేల మీద కూలబడి, ఇన్నేళ్లూ ఎందుకు వంగావే పిచ్చిదానా అని అడిగింది. అత్తయ్య ఆలోచించింది. కాపరానికొచ్చిన రోజు మా అత్తగారు నెత్తి మీద చెయ్యి పెట్టి వంగి రమ్మన్నారు, వంగాను, మళ్లీ చూసుకోలేదు అంది.

తర్వాత ఆవిడకూ నవ్వొచ్చింది. వెనక్కి తిరిగి మళ్లీ గుమ్మం దాటింది. మళ్లీ ఇటు వచ్చింది. చేతులు కిందికి, భుజాలు వెనక్కి, గడ్డం పైకి. నా పిల్లలెవరూ అంత బాగా నడవలేదు. నాలుగోసారికి జనం లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అయిదు, ఆరు. అరవై దగ్గర పడుతున్న మా అత్తయ్య మొహం అప్పుడే బొప్పి కట్టి పంచదార తిన్న పిల్ల మొహంలా వెలిగిపోయింది.

ఏడోసారి గుమ్మం మధ్యలో ఆగింది. పైకి చూసి, చెయ్యెత్తి, పైపట్టీని వేళ్లతో తడిమింది.

మేస్త్రీ తాపీ పట్టుకొచ్చాడు. సిమెంటు గట్టిపడితే నా పూచీ లేదన్నాడు. మామయ్య దుంగ మీంచి లేచి, పెళ్లాన్ని ఏ విషయమూ అడిగే అలవాటు లేని మనిషి, ఆ సంతోషంలో అడిగేశారు, నీకు సరిపోయింది కదా, ఇక పెట్టెయ్యమందామా అని.

"నాకు సరిపోయింది" అంది అత్తయ్య. "నా కోడలికి సరిపోలేదు. ఎత్తు పెంచండి."

మామయ్య నా వైపు చెయ్యి చూపించి, ఆ అమ్మాయే ఒప్పుకుందిగా, అందరూ విన్నారుగా అన్నారు. నేను నోరు తెరిచాను. అత్తయ్య నన్ను చూడకుండానే చేత్తో ఆగమంది.

"నేనూ ఒప్పుకున్నాను, ముప్పై నాలుగేళ్ల కిందట" అంది. "నాకు వంగే అవసరం ఉందో లేదో కూడా ఎవరూ చూడలేదు."

గొంతు పెంచలేదు. కోపం కూడా లేదు. ఇందాకటి సంతోషమే ఇంకా మొహంలో ఉంది, దాంతోనే అంది. మామయ్య ఆమె పాదాల వైపు చూసి, తర్వాత మెల్లిగా తలెత్తి మొహం వైపు చూశారు.

ఎనిమిది రోజుల పని. ఊరంతా నవ్వుతూ దూరిన గుమ్మం. నేను ఇచ్చిన మాట. మేస్త్రీ తాపీలో సిమెంటు పట్టుకుని ఎవరి మొహం చూడాలో తెలియక నిలబడ్డాడు. అత్తయ్య ఆ ద్వారబంధం మధ్యలో నిటారుగా నిలబడే ఉంది, పక్కకు జరగలేదు.